నొప్పులు తెప్పించి కాన్పు చేయించుకున్నవాళ్ళు ఎలా జరిగిందో చెప్పండి

కూకట్‌పల్లి_కొత్తమ్మ

అందరికీ నమస్కారం. నాకిది తొలిచూలు. 40 వారాలు దాటి నాలుగు రోజులైంది, నొప్పుల జాడ లేదు. స్కానింగ్‌లో ఉమ్మనీరు బాగానే ఉంది, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. డాక్టరమ్మ "సోమవారం దాకా చూద్దాం, రాకపోతే అడ్మిట్ అయిపో, జెల్ పెట్టి నొప్పులు తెప్పిద్దాం" అన్నారు. అడగాలనుకున్నవన్నీ ఆవిడ ఎదురుగా కూర్చోగానే మర్చిపోయాను. బయట హాలు నిండా జనం మరి.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. అత్తయ్యగారు "మా రోజుల్లో ఎవరికి తెప్పించారు, వాటంతటవే వచ్చేవి కావా" అంటారు. మా పిన్ని ఫోన్ చేసి "నొప్పుల ఇంజెక్షన్ అంటే చివరికి ఆపరేషనే, రాసిపెట్టుకో" అంది. మా ఆయన రాత్రంతా ఫోన్లో చదివి నాకంటే ఎక్కువ భయపడిపోయాడు.

జెల్ పెట్టేటప్పుడు నొప్పి ఉంటుందా? ఎంతసేపు పడుతుంది? తెప్పించిన నొప్పులు మామూలు నొప్పులకంటే ఎక్కువంటారు, నిజమేనా? మీకు జరిగింది జరిగినట్టు చెప్పండి చాలు.

రామచంద్రపురం_కోడలు

మీ పిన్నిలాంటి వాళ్ళు మా ఇంట్లో నలుగురున్నారండి, కంగారు పడకండి. నాకు 41 వారాలకి పెట్టారు. కాకినాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రి.

అందరూ నొప్పి గురించే అడుగుతారు గానీ నా మట్టుకు నాకు విసుగంతా ఎదురుచూపులతోనే. రాత్రి భోజనం అయ్యాక జెల్ పెట్టారు. ఫ్రిజ్‌లోంచి తీసిన సిరంజి, చల్లగా తగిలింది. జెల్ వల్ల నొప్పేం లేదండి, లోపల చెయ్యి పెట్టి చూస్తారు కదా, ఆ చూడటమే ఇబ్బంది. కాళ్ళు బిగపట్టకుండా ఊపిరి మెల్లగా వదిలితే కాస్త నయం. తర్వాత అరగంట కదలకుండా పడుకోమని, పొట్టకి బెల్టు కట్టి బిడ్డ గుండె చూశారు. ఇక ఏదో అయిపోతుందని నేనూ మా అమ్మా తెల్లారే దాకా మేలుకుని కూర్చున్నాం. ఏమీ అవలేదండి! నడుం కాస్త లాగింది, అంతే. పొద్దున్న డాక్టరుగారు చూసి గర్భసంచి మూతి ఒక వేలు తెరుచుకుందన్నారు. మళ్ళీ జెల్. మధ్యాహ్నానికి నెలసరి నొప్పిలా మొదలై సాయంత్రానికి మాట్లాడలేనంత అయింది. అప్పుడు ఉమ్మనీటి సంచి చిదిపారు. దానికి నొప్పి లేదు, పక్కంతా వెచ్చగా తడిసిపోయింది. ఆ తర్వాత సెలైన్లో నొప్పుల మందు.

అది ఎక్కించాక మాత్రం, దాచడం ఎందుకు, ఊపిరి తీసుకునే సందు ఇవ్వలేదు. మా ఆడపడుచుకి నొప్పులు వాటంతటవే వచ్చాయి, మెల్లగా పెరిగాయట. నాకు ఒక్కసారిగా పెరిగాయి. తెల్లవారుజామున బాబు, 3 కిలోల 200.

ఇంకో సంగతి. మా ఆయన వాట్సాప్ గ్రూపులో "రెండు వేళ్ళు", "మూడు వేళ్ళు" అని క్రికెట్ స్కోరులా పెడుతూ పోయాడు. మావయ్యగారి పేకాట స్నేహితులతో సహా ఊరందరికీ తెలిసింది నా సంగతి. ముందే ఫోన్ లాక్కోండి.

ఓరుగల్లు_బిడ్డ

నాది సర్కారు దవాఖాన. 37 వారాలప్పుడు బీపీ 150/100 వచ్చింది, కాళ్ళకు వాపులు, మూత్రంల ప్రొటీన్ పోతున్నదన్నరు. ఇంగ ఆగొద్దని అడ్మిట్ చేసుకున్నరు. నాకు జెల్ కాదు, బుగ్గ పెట్టిండ్రు. మూత్రానికి పెడతరు చూడు, అసొంటి సన్నటి రబ్బరు గొట్టమే. గర్భసంచి మూతి కాడికి పంపి, కొసకున్న బుగ్గల నీళ్ళు నింపుతరు. గొట్టాన్ని తొడకు టేపుతోని అతికించిండ్రు. నడవొచ్చు, బాత్‌రూంకు పోవచ్చు. మూతి తెరుసుకున్నంక అదే జారి కింద పడ్డది. నేనైతే ఏమైందో అని మొత్తుకున్న. సిస్టర్ నవ్వుకుంట "మంచిగైంది, మూడు నాలుగు సెంటీమీటర్లు తెరుసుకున్నట్టే" అన్నది.

మా దవాఖానల కాన్పులు చేసే మిడ్‌వైఫ్ మేడం ఉండె. పెద్ద బంతి మీద కూసోబెట్టి ఊగమన్నది, నడుము రుద్దింది. మంచం మీద ఎల్లెలుకల పండుకోమని ఒక్కసారి గూడ అనలేదు. బీపీ ఎక్కువై ఫిట్స్ రాకుండ మెగ్నీషియం ఇచ్చిండ్రు, అది ఎక్కుతుంటే ఒళ్ళంత మంట పుట్టింది. నొప్పుల కంటే అదే ఎక్కువ యాదికున్నది. ఆడబిడ్డ, 2 కిలోల 400. ఇప్పుడు బడికి పోతున్నది.

చెల్లీ, నీకు ఎందుకు పెడుతున్నరో అది గట్టిగ అడుగు. నాకైతే ఎందుకో తెలుసు గనుక భయం తక్కువుండె.

అమ్మమ్మ_వైద్యం

ఇవన్నీ ఎందుకమ్మా. ఆదివారం రాత్రి వేడిపాలల్లో రెండు చెంచాల ఆముదం వేసుకుని తాగు. పొద్దుటికి నొప్పులు వస్తాయి. మా అమ్మ మా ఏడుగురినీ అలాగే కన్నది.

లేబర్‌రూమ్_సిస్టర్

పెద్దమ్మగారూ, కోప్పడకండి. ఆముదం తాగి విరేచనాలు, వాంతులతో నీరసించి వచ్చే అమ్మాయిలకి సెలైన్లు పెట్టడంతోనే మాకు సగం పొద్దు గడుస్తుంది. నొప్పులు పడాలంటే ఒంట్లో బలం ఉండాలి. వద్దు. జీలకర్ర కషాయం కావాలంటే తాగొచ్చు. దొంగ నొప్పులైతే తగ్గిపోతాయని మన ఇళ్ళల్లో ఇస్తారు, చెడేం లేదు. కానీ బిడ్డ కదలిక తగ్గినా, నీరు పోయినా, రక్తం కనిపించినా కషాయం కాస్తూ కూర్చోకూడదు, బయల్దేరిపోవాలి.

కొత్తమ్మా, ఇప్పుడు నీ ప్రశ్నలకి. ముందు లోపల చూసి మార్కులు వేస్తారు, బిషప్ స్కోర్ అంటాం. మూతి ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, మెత్తగా ఉందా గట్టిగా ఉందా, ముందుకి తిరిగిందా ఇంకా వెనకే ఉందా, బిడ్డ తల ఎంత దిగింది. ఈ ఐదూ కలిపి 13కి. తక్కువ వస్తే జెల్లో, బుగ్గో, మిసోప్రోస్టాల్ బిళ్ళో వాడి ముందు మూతిని మెత్తపరుస్తాం. ఎక్కువే ఉంటే ఉమ్మనీరు తీసి, సెలైన్లో నొప్పుల మందు డ్రిప్ పెడితే సరిపోతుంది. పక్క మంచం ఆవిడకి ఆరు గంటల్లో అయిపోయిందంటే ఆవిడ మార్కులు వేరు. నీకు రెండు రోజులు పట్టినా వింతేం కాదు.

జెల్ సిరంజిలో మందు 0.5 మి.గ్రా. ఆరు గంటలకోసారి, 24 గంటల్లో మూడుకి మించి పెట్టం. చివరి జెల్ పెట్టాక డ్రిప్‌కి కనీసం ఆరు గంటలు ఆగాలి. రెండూ ఒకేసారి పనిచేస్తే గర్భసంచి వదలకుండా బిగుసుకుంటుంది, బిడ్డకి ఆక్సిజన్ అందదు. "జెల్ పెట్టేసి మమ్మల్ని పట్టించుకోవడం లేదు" అని బంధువులు మా మీద అరిచేది సరిగ్గా ఈ ఆరు గంటల్లోనే.

మిసోప్రోస్టాల్ మొదట కడుపులో పుండ్లకి వచ్చిన మందు, 200 మైక్రోగ్రాముల బిళ్ళ. కాన్పుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 25 మైక్రోగ్రాములు, నోటితో అయితే రెండు గంటలకోసారి. దయచేసి ఎవరూ ఇంట్లో పెద్ద బిళ్ళ ముక్క తుంచి మింగకండి.

41 వారాలు నిండాయని కచ్చితంగా తెలిసినప్పుడు నొప్పులు తెప్పించమనే ఆ సంస్థ సలహా. మీ డాక్టరుగారు సోమవారం అన్నది ఆ లెక్కనే.

పాడి_పంట

సిస్టరుగారూ, ఆ సెలైన్లో కలిపేది గేదెలు చేపడానికి వేసే సూదేనా? మా ఊళ్ళో అలాగే అంటారు.

లేబర్‌రూమ్_సిస్టర్

అదే మందండీ, ఆక్సిటోసిన్. మన ఒంట్లో సహజంగా ఊరేదే. దాన్ని 1953లో ల్యాబులో తయారుచేసిన విన్సెంట్ డు విగ్నో అనే అమెరికా శాస్త్రవేత్తకి 1955లో నోబెల్ ఇచ్చారు. పశువులకి అడ్డగోలుగా వాడుతున్నారని 2018లో మన కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలు దీన్ని తయారుచేయకుండా ఆపబోయింది. కాన్పయ్యాక రక్తస్రావం ఆపేది ఈ మందే కదా, అది దొరక్కపోతే తల్లుల గతేమిటని గొడవై ఆ డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది.

సెలైన్లో చుక్కలు లెక్కపెట్టి ఇచ్చినంత వరకు భయం లేదు. నొప్పులు మరీ ఎక్కువైతే డ్రిప్ ఆపేస్తాం, కాసేపట్లో తగ్గుతాయి. బిడ్డ పుట్టకముందే ఊళ్ళో ఎవరో ఆరెంపీ కండకి పొడిస్తే మాత్రం వెనక్కి తీయలేం. గర్భసంచి చిట్లిన కేసులు అలాంటివే వస్తాయి.

పొద్దుటూరు_పాప

నాది ఆపరేషన్ అయింది. కొత్తమ్మ భయపడతాదేమో, రాద్దామా వద్దా అనుకుంటా ఉన్న్యా. అన్నీ సుఖంగా అయినోళ్ళే రాస్తే ఎట్ల?

నీళ్ళు ముందే పోయినాయి, నొప్పులు రాలా. ఇన్ఫెక్షన్ వస్తాదని డ్రిప్ పెట్టినారు. పొద్దన్నించి రాత్రి దాకా నొప్పులు పడినా. నాలుగు సెంటీమీటర్ల కాడ నిలిచిపాయ. బిడ్డ గుండె తగ్గతా పెరగతా ఉంటే ఆపరేషన్ అన్నారు. ఆ మాట వింటానే ఏడుస్తానని అందురూ అనుకున్నారు. నాకు హమ్మయ్య అనిపించింది.

నాకు కోపం ఇంకోదాని మీద. గంటకో మనిషి వచ్చి చెయ్యి పెట్టి చూసి పాయ, పేరు గూడా చెప్పలా. ఎంత తెరుచుకుందని అడిగితే "నీకెందుకమ్మా, పడుకో" అనింది ఒగామె. నా ఒళ్ళు నాకెందుకా! మీరు మాత్రం అడగండి, చెప్పేదాకా అడగండి.

ఇంక మా పెదనాయన. జాతకాలాయన్ని అడిగి ఫోన్ చేస్తాడు, రాత్రి 11 దాటితే నక్షత్రం మారతాది, ఆ లోపలే బిడ్డను తీయమనండి అని. డాక్టరమ్మ విని "బిడ్డ గుండెను అడిగి చెప్తాలే పెద్దాయనా" అనింది. ఫోన్ పెట్టేసినాడు. బిడ్డ ఏ నక్షత్రంలో పుట్టినాడో ఇప్పుడు ఆయనకే గుర్తు లేదు.

నొప్పులూ పడి కోతా పడితివే అని చూసేదానికి వచ్చినోళ్ళు అన్నారు. నిజమే, రెండూ పడినా. అయినా సూది వేయడం వల్లనే ఆపరేషన్ అయిందంటే నేనొప్పుకోను. నీళ్ళు పోయి ఊరికే కూర్చోనుంటే ఏమయ్యుండునో ఎవురికి తెలుసు.

లెక్కల_టీచరమ్మ

పిన్నిగారి మాట మీద ఒక లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5! అంటే ఆవిడకి తెలిసిన అమ్మాయిల్లో జెల్ పెట్టించుకున్నా పెట్టించుకోకపోయినా సగానికి పైగా ఆపరేషన్లే అయ్యుంటాయి. అందులో జెల్ తప్పెంతో ఎలా తేలుతుంది?

2018లో అమెరికాలో అరైవ్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. తొలిచూలు, ఏ ఇబ్బందీ లేని 6,106 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి 39 వారాల్లోనే నొప్పులు తెప్పించారు, రెండో జట్టుని ఆగి చూశారు. ఆపరేషన్లు తెప్పించినవాళ్ళలో 18.6 శాతం, ఆగినవాళ్ళలో 22.2 శాతం.

లేబర్‌రూమ్_సిస్టర్

టీచరమ్మా, లెక్క నిజమే. కానీ వాళ్ళు నీరు తీసి డ్రిప్ పెట్టాక కనీసం 12 గంటలైనా చూసి గానీ ఫెయిలైందని అనొద్దన్నారు. అంత ఓపిక లేనిచోట ఆ శాతాలు చూపించి లాభం లేదు. మనవాళ్ళ లెక్క కావాలంటే నాగపూర్‌ది చూడండి. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సర్కారు ఆసుపత్రుల్లో బీపీ ఉన్న 602 మందికి నొప్పులు తెప్పించారు. 24 గంటల్లో మామూలు కాన్పు అయినవాళ్ళు బిళ్ళ మింగినవాళ్ళలో 57 శాతం, బుగ్గ పెట్టినవాళ్ళలో 47 శాతం. ఓరుగల్లు అమ్మాయిది ఆ 47లాంటిదే అన్నమాట.

లీడ్స్_తెలుగమ్మ

ఇంగ్లండ్ నుంచి. ఇక్కడ మూడు కాన్పుల్లో దాదాపు ఒకటి ఇలా తెప్పించేదే, ఎవరూ వింతగా చూడరు. నాకు జెల్ బదులు సన్నటి టేపు లాంటిది లోపల పెట్టారు, తీయడానికి తాడు వేలాడుతూ ఉంటుంది, 24 గంటలు మందు కొంచెం కొంచెంగా వదులుతుంది. నేను బాత్‌రూమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ తాడు లాగేస్తానేమోనని భయం.

మూతి తెరుచుకున్నాక కూడా లేబర్ వార్డులో ఖాళీ లేదని కూర్చోబెట్టారు. రోజంతా కూర్చున్నాం. డబ్బు కట్టక్కర్లేదు గానీ ఈ కూర్చోవడం మాత్రం తప్పదు. నొప్పులకి గ్యాస్ పీల్చమంటారు, అది పీల్చి నేను పకపకా నవ్వానట, నాకు గుర్తు లేదు. డ్రిప్ పెట్టాక మాత్రం గ్యాస్ చాలలేదు, ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్ను దగ్గర ఇచ్చే మత్తు) అడిగి తీసుకున్నాను.

పాప పుట్టిన అరగంటకి ట్రేలో టీ, టోస్టు, చల్లటి నీళ్ళు తెచ్చారు. మా అమ్మ ఆ మిడ్‌వైఫ్ వంక చూసిన చూపు! బాలింతకి చన్నీళ్ళా అని. బ్యాగులోంచి ఫ్లాస్కు, వెల్లుల్లి కారం సీసా బయటికొచ్చాయి. మిడ్‌వైఫ్ కూడా టోస్టు మీద రాసుకుని తింది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా బాగుందనే అంది.

కూకట్‌పల్లి_కొత్తమ్మ

అందరికీ చాలా థాంక్స్. మా ఆయన కూడా మొత్తం చదివాడు. వాట్సాప్ గ్రూపులోంచి తనే బయటికొచ్చేశాడు :) ఎపిడ్యూరల్ ఎప్పుడు అడగాలి? ముందే తీసుకుంటే నొప్పులు ఆగిపోతాయంటున్నారు.

డాలస్_అత్తారిల్లు

ఆగవమ్మా. నేను మూడు సెంటీమీటర్లప్పుడే తీసుకున్నాను, తర్వాత కంటినిండా నిద్రపోయి లేచేసరికి తొమ్మిది సెంటీమీటర్లు. తొయ్యడం మాత్రం కాస్త ఎక్కువసేపు పట్టింది, పట్టు తెలియదు కదా. ఇండియాలో అన్నిచోట్లా రాత్రిళ్ళు మత్తు డాక్టరు ఉండరు. మీ ఆసుపత్రిలో 24 గంటలూ ఉంటారా, విడిగా ఎంత తీసుకుంటారు, ఈ రెండూ అడ్మిట్ అయ్యేటప్పుడే అడగండి. నొప్పుల మధ్య బేరాలు ఆడలేం.

రెండోసారి_నేను

నాకు మొదటిది ఆపరేషన్. ఈసారి నార్మల్‌కి చూద్దామనుంది. 39 వారాలు. నాక్కూడా ఇలా తెప్పించవచ్చా?

లేబర్‌రూమ్_సిస్టర్

మిసోప్రోస్టాల్ మాత్రం పనికిరాదు, పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం పెరుగుతుంది. వాటంతటవే నొప్పులు వస్తే అన్నిటికంటే మంచిది. తెప్పించక తప్పకపోతే కొందరు డాక్టర్లు బుగ్గ పెట్టి, డ్రిప్ తక్కువ మోతాదులో చూస్తారు. అదైనా అరగంటలో ఆపరేషన్ చేయగలిగే థియేటరు, రక్తం, బిడ్డ గుండెని వదలకుండా చూసే మిషను ఉన్నచోటే. మొదటి ఆపరేషన్ ఎందుకైంది, కోత అడ్డంగా ఉందా నిలువుగా ఉందా, ఆ డిశ్చార్జి కాగితం వెతికి పట్టుకెళ్ళండి. నిలువు కోత గర్భసంచి మీదే అయితే ఈ ఆలోచనే వద్దంటారు.

పేరు_వద్దు

ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. నాకూ నొప్పులు తెప్పించారు. ఎనిమిదో నెలలో బాబు గుండె ఆగిపోయాక. ఇవే బిళ్ళలు, ఇదే డ్రిప్. పక్క గదిలో పిల్లలు ఏడుస్తుంటే వినిపించేది. ఇలా జరిగినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే మాట్లాడాలనుంది.

వేదిక_నిర్వాహకురాలు

అమ్మా, తప్పకుండా రాయొచ్చు. నెలలు నిండినవాళ్ళు చదివే చోటు కాబట్టి మీకోసం వేరే చర్చ తెరిచాను, లింకు మీకు పంపాను. ఇద్దరు ఇప్పటికే అక్కడ పలకరించారు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని.

కూకట్‌పల్లి_కొత్తమ్మ

ఒంటి చేత్తో టైపు చేస్తున్నాను. ఆడపిల్ల! 2 కిలోల 900. సోమవారం వెళ్ళాం, బుధవారం పుట్టింది. మొదటి జెల్‌కి ఏమీ అవలేదు, రామచంద్రపురం అక్క చెప్పి ఉండకపోతే ఆ రాత్రే ఏడ్చేసేదాన్ని. చివర్లో తల తిరగలేదని వాక్యూమ్ పెట్టి తీశారు, తల మీద చిన్న బొప్పి ఉంది, తగ్గిపోతుందన్నారు. కుట్లు పడ్డాయి, కూర్చోలేకపోతున్నాను, ఆ సంగతి మాత్రం ఇక్కడ ఒక్కళ్ళూ చెప్పలేదు! ఎన్ని సెంటీమీటర్లని అడిగినప్పుడల్లా చెప్పారు. పిన్ని వచ్చి చూసి "నేను ముందే అన్నాగా, నార్మల్ అవుతుందని" అంటోంది.

రామచంద్రపురం_కోడలు

ఏ పిన్నీ ఓడిపోదండి :) గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో కూర్చోండి, కుట్లకి హాయిగా ఉంటుంది.

గుంటూరు_గోంగూర

సంతోషం చెల్లీ. ఈ చర్చలోనే అడిగేస్తాను. నాది రెండో కాన్పు, మొదటిది మామూలుగానే అయింది. ఈసారి షుగర్ వచ్చింది, ఇన్సులిన్ మీద ఉన్నాను. 38 వారాలు నిండగానే తెప్పిద్దామంటున్నారు. బిడ్డ బరువు ఎక్కువుందట. ఆ రోజు ఇన్సులిన్ వేసుకుని వెళ్ళాలా?

లేబర్‌రూమ్_సిస్టర్

ఆ పొద్దుటి డోసు మామూలుగా వేసుకునేంత ఉండదు, నొప్పుల్లో తిండి తగ్గుతుంది కదా. ముందురోజే మీ డాక్టరుకి ఫోన్ చేసి ఎంత వేసుకోవాలో, అసలు వేసుకోవాలో వద్దో కనుక్కోండి. షుగర్ రాసుకున్న పుస్తకం, మీ మిషను, ఇన్సులిన్ పెన్ను బ్యాగులో పెట్టుకోండి. రెండోది కాబట్టి మూతి తొందరగా తెరుచుకోవచ్చు, నొప్పులు మొదలయ్యాక ఎవర్నీ టిఫిన్‌కని బయటికి పంపకండి.

బిడ్డ పుట్టగానే మడమ దగ్గర పొడిచి షుగర్ చూస్తారు, కంగారు పడొద్దు, తల్లికి షుగరుంటే బిడ్డకి పడిపోవచ్చు. మొదటి గంటలోనే పాలు పట్టండి. మీకు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మళ్ళీ 75 గ్రాముల గ్లూకోజు తాగించి పరీక్ష చేయాలి. కాన్పయ్యాక దీనికి రానివాళ్ళే ఎక్కువ.

గుంటూరు_గోంగూర

మళ్ళీ ఆ గ్లూకోజు నీళ్ళా సిస్టర్!! పోయినసారి తాగి ల్యాబు మెట్ల మీదే కక్కాను. సరే, రాసిపెట్టుకున్నాను. పెన్నుకి ఐస్ ప్యాకు పెట్టాలా, ఒక్క రోజే కదా అని మామూలుగా బ్యాగులో వేసేయొచ్చా?

లేబర్‌రూమ్_సిస్టర్

వాడుతున్న పెన్ను బయటే ఉండొచ్చు, ఎండలో కారులో వదిలేయకండి చాలు. కొత్తదైతే ఫ్రిజ్‌లో పెట్టమని వార్డు సిస్టరుకి ఇవ్వండి, మీద మీ పేరు రాసి.